కొమర్రాజు వారు తెరిచిన గది

 

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా దేశమంతా గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతారు. ఆ వారంలో ఎవరో ఒక పెద్దమనిషి వేదికెక్కి పుస్తకం గొప్పతనం గురించి మాట్లాడటం, పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికి పోవటం మామూలే. ఉపన్యాసం కంటే ఒక మనిషి కథ చెబితే బాగుంటుందనిపించి ఇది రాస్తున్నాను. ఆయన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు. పరీక్షలో ఒక మార్కు బిట్టు కోసం చదివి మర్చిపోయే పేర్లలో ఇదొకటి అయిపోయింది. కానీ కోరాపుట్, రాయగడ జిల్లాల్లో ఉంటూ తెలుగు చదువుకునే మనకి, మిగతా తెలుగువాళ్ళ కంటే కూడా ఆయన దగ్గరివారు. ఎందుకో చూడండి.

పుట్టింది 1877 మే 18న, కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో. పసితనంలోనే తండ్రి పోయారు. అక్క భండారు అచ్చమాంబ గారికి చిన్న వయసులోనే పెళ్ళయింది. బావగారు మాధవరావు గారి ఉద్యోగం మధ్య పరగణాల్లో, అంటే నాగపూర్ వైపు. తమ్ముడు అక్కగారి ఇంట్లో ఉండి అక్కడే చదువుకున్నాడు. గడప దాటితే మరాఠీ, గడప లోపల తెలుగు. మన పిల్లల సంగతి మాత్రం వేరా? బజారుకెళ్తే ఒడియా, సంతలో కువియో దేశియో, టీవీలో హిందీ, అమ్మతో తెలుగు. లక్ష్మణరావు గారు మరాఠీలో వ్యాసాలు రాసి అచ్చు వేయించేంత బాగా ఆ భాష నేర్చుకున్నారు. అలాగని తెలుగు వదల్లేదు. ఇంగ్లీషు, సంస్కృతం, ఇంకా కొన్ని భాషలు కూడా పట్టారు. తెలుగు చదివితే మా వాడికి ఒడియా రాదేమో మాస్టారూ అని అడిగే తల్లిదండ్రులకి నేను చూపించేది ఈయన్నే.

అచ్చమాంబ గారి గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఆమె బడి మొహం చూడలేదు. తమ్ముడు చదువుకుంటూ ఉంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకున్నారు. తర్వాత కథలు రాశారు, మన దేశపు స్త్రీల జీవిత చరిత్రలు రాశారు, ఆడవాళ్ళ సమాజాలు పెట్టించారు. కన్నబిడ్డలు దక్కలేదు. ఆ దుఃఖంలో కూడా ఎవరూ లేని పిల్లల్ని చేరదీశారు. 1905 జనవరిలో, ముప్పై ఏళ్ళకే పోయారు. ప్లేగు సోకినవాళ్ళకి సేవ చేస్తూ తానూ ఆ జబ్బుకే లోబడ్డారని ఆమె జీవితం రాసినవాళ్ళు చెబుతారు. ఆ రోజుల్లో ప్లేగంటే ఇంట్లోవాళ్ళే దగ్గరికి వెళ్ళటానికి జడిసేవారు. చదువూ, పరులకి సేవా రెండూ ఒకటేనన్న సంగతి లక్ష్మణరావు గారు ఏ పుస్తకంలోనూ వెతుక్కోనక్కర్లేదు, అక్కగారి ఇంట్లోనే చూశారు.

చదువయ్యాక మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి దగ్గర దివానుగా చేరారు. ఆ పదవిలో హాయిగా కాలం గడపొచ్చు. ఆయన మాత్రం హైదరాబాదు వైపు చూశారు. అక్కడ నిజాం ప్రభుత్వం, రాజభాష ఉర్దూ. జనంలో తెలుగువాళ్ళు లెక్కలేనంత మంది, కానీ కచేరీలో కాగితం తెలుగులో కదలదు, తెలుగు బళ్ళూ కొద్దే. అటువంటి చోట 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో, మునగాల రాజావారూ మరికొందరు మిత్రులూ తోడుగా శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం తెరిచారు. అప్పటికి లక్ష్మణరావు గారికి 24 ఏళ్ళు. మూడేళ్ళకి, 1904లో, హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. హైదరాబాదులోది ఇప్పటికీ సుల్తాన్ బజారులో నడుస్తోంది. అటు వెళ్ళినవాళ్ళు ఒకసారి లోపలికి వెళ్ళి రండి.

వాళ్ళు పెట్టిన పేరు గమనించారా? పుస్తకాల కొట్టు అనలేదు, పుస్తకాల భాండాగారం కూడా అనలేదు. భాషా నిలయం అన్నారు. మన భాషలో మాట్లాడుకోవటానికి, పత్రిక చదివి వినిపించుకోవటానికి, తెలియనిది తెలిసినవాళ్ళని అడగటానికి ఒక చోటు. చదువు రానివాడు కూడా లోపలికి వచ్చి కూర్చోవచ్చు. నా దృష్టిలో గ్రంథాలయానికి ఇదే అసలు పని. అలమరాల లెక్క తర్వాత సంగతి.

గది తెరిచాక ఇంకో చిక్కు కనబడింది. అందులో పెట్టడానికి ఏమున్నాయి? పురాణాలు, శతకాలు, ప్రబంధాలు ఉన్నాయి. కలరా ఎందుకొస్తుంది, నీళ్ళు ఎందుకు కాచుకోవాలి, ఒకరి జ్వరం ఇంకొకరికి ఎలా అంటుకుంటుంది అనేది తెలుగులో చదువుదామంటే సరైన పుస్తకం లేదు. అందుకని 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు ఆ పనిలో చెయ్యి కలిపారు. అబ్రహాం లింకన్ జీవితం, హిందూదేశ చరిత్ర, రసాయన శాస్త్రం, వృక్షశాస్త్రం ఇలా ఒకటొకటిగా వచ్చాయి. లక్ష్మీపతి గారు జీవశాస్త్రం రాశారు, అంటువ్యాధులు అనే పుస్తకం రాశారు. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఒంట్లో ఎలా చేరతాయి, రాకుండా ఏం చేసుకోవాలి అని తెలుగులో చెప్పిన పుస్తకం అది. శాస్త్రం ఇంగ్లీషు వచ్చినవాడి సొత్తుగా ఉండిపోకూడదని లక్ష్మణరావు గారి పట్టుదల. తెలుగులో మాట లేకపోతే మాట కట్టుకుందాం, పని ఆగకూడదు అన్నది వాళ్ళ పద్ధతి.

ఇది నూరేళ్ళ కిందటి ముచ్చట, ఇప్పుడెందుకు అనుకోకండి. మన కొండ ప్రాంతంలో జ్వరం సంగతి మీకు నేను చెప్పాలా? మలేరియాకి ఈ రెండు జిల్లాలూ ఎప్పటినుంచో పేరు మోసినవే. ఇప్పుడు ఆశా దీదీ దగ్గరే వేలి మీద చుక్క రక్తంతో పరీక్ష అవుతుంది, దోమతెరలు ఇస్తున్నారు, మందులున్నాయి. లేనిది ఏమిటంటే, చేతికొచ్చిన కాగితం అర్థం కావటం. బిడ్డ టీకాల కార్డు ఒడియాలో ఉంటుంది. డాక్టరుగారి చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. విశాఖ పెద్దాసుపత్రికి వెళ్ళి వస్తే ఇంకో కట్ట కాగితాలు. తెలుగు ఒక్కటే వచ్చిన తల్లి ఇవన్నీ ప్లాస్టిక్ సంచిలో దాచుకుంటుంది, చదివించుకోవటానికి మాత్రం ఎవరూ దొరకరు. ఏ మాత్ర పొద్దున్న, ఏది రాత్రి అని అడగటానికి బడికి వచ్చిన తల్లులున్నారు. బడికెందుకు వచ్చారమ్మా అని నేనెప్పుడూ అనలేదు. ఇంకెక్కడికి వెళ్తారు?

బయటి దేశాల్లోనూ ఈ పని గ్రంథాలయాల నెత్తినే పడింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగర గ్రంథాలయం 2009లో ఒక సామాజిక కార్యకర్తను ఉద్యోగంలో పెట్టుకుంది. నీడ లేనివాళ్ళు, జబ్బుతో ఉన్నవాళ్ళు పగలంతా అక్కడికే వచ్చి కూర్చుంటున్నారు మరి. ఇంగ్లండులో 2013 నుంచి, మనసుకి సంబంధించిన ఇబ్బందులున్నవాళ్ళకి వైద్యులు మందుతోపాటు ఫలానా పుస్తకం చదవండి అని సూచించటం, అది ఊరి గ్రంథాలయంలో దొరకటం ఒక పథకంగా నడుస్తోంది. డబ్బున్న దేశాలు, చేసుకుంటాయి అనొచ్చు మీరు. 1901లో రావిచెట్టు వారి ఇంట్లో సర్కారు డబ్బు ఒక్క పైసా లేదు.

సర్కారు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మన ప్రాంతం ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరింది. మద్రాసులో గ్రంథాలయ చట్టం 1948లో వచ్చింది, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి ఊళ్ళలో గ్రంథాలయాలు నడిపారు. మనం అప్పటికే ఇటు వచ్చేశాం. ఒడిశాలో చట్టం 2001లో వచ్చింది. ఎవర్నీ తప్పు పట్టటానికి చెప్పటం లేదు. మన ఊళ్ళలో చదువుకునే గదులు ఎందుకు తక్కువో తెలియాలని చెబుతున్నాను. అటువంటి చోట బడిలో ఉన్న ఒక్క అలమరా విలువ ఎంతో మీరే లెక్క వేసుకోండి.

లక్ష్మణరావు గారి ఆఖరి పని చాలా పెద్దది. సమస్త విషయాలూ అకారాది క్రమంలో తెలుగులో చెప్పే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. మద్రాసులో ఉంటూ, పండితుల్ని కూడగట్టి, తానే ఎన్నో వ్యాసాలు రాసి, మూడు సంపుటాలు తెచ్చారు. ఆ మూడూ కలిపినా అ అనే అక్షరం దాటలేదు. పిల్లలు నవ్వుతారని తెలుసు. ఒక్క అక్షరానికి మూడు సంపుటాలు పట్టిందంటే ఎంత వివరంగా రాశారో ఆలోచించండి. తీరిక లేని పని, పైగా ఒంట్లో బాగుండేది కాదు. అయినా ఇంట్లో మనుషులకి చోటుండేది. కందుకూరి వీరేశలింగం గారు 1919లో చివరి రోజులు గడిపింది మద్రాసులో లక్ష్మణరావు గారి ఇంట్లోనే. నాలుగేళ్ళకి, 1923 జూలై 12న, లక్ష్మణరావు గారూ వెళ్ళిపోయారు. 46 ఏళ్ళ వయసు. మిగిలిన పనిని తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఎత్తుకున్నారు.

ఆయన కూతురికి అక్కగారి పేరే పెట్టుకున్నారు. ఆ అమ్మాయి డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ అయింది. ఆడపిల్లలు వైద్యం చదవటం అరుదైన రోజుల్లో చదివి, తల్లుల ప్రసూతి గురించి, పసిబిడ్డల పెంపకం గురించి తెలుగులో పుస్తకం రాసింది. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి కూడా వెళ్ళింది. బడి మొహం చూడని మేనత్త పేరు పెట్టుకున్న పిల్ల, డాక్టరై తల్లుల కోసం పుస్తకం రాసింది! తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఇది రెండుసార్లు చదవాలి.

ఇక మన బడి విషయం. శనివారం బడి వదిలాక ఒక గంట సేపు మన గ్రంథాలయ గది తల్లిదండ్రుల కోసం తెరిచి ఉంచుతున్నాం. మనవళ్ళని తీసుకుని తాతలు, అమ్మమ్మలు రావచ్చు. పత్రికలుంటాయి. ఆసుపత్రి కార్డు, మందుల చీటీ, పింఛను కాగితం ఏదైనా తెచ్చుకోండి. ఒడియా బాగా చదివే పై తరగతి పిల్లలు కూర్చుని మీకు తెలుగులో చెబుతారు. వైద్యం మాత్రం మేం చెప్పం, అది డాక్టరుగారి పని. జ్వరమొస్తే ముందు ఆశా దీదీ దగ్గరికి వెళ్ళి పరీక్ష చేయించుకుని, ఆ తర్వాతే చీటీ పట్టుకుని మా దగ్గరికి రండి. పిల్లల ముందు చెప్పుకోలేని జబ్బు సంగతులుంటే టీచరమ్మ పక్క గదిలో ఉంటారు, ఆమెతో మాట్లాడండి. ఇంట్లో పాత తెలుగు ఆరోగ్య పుస్తకాలుంటే పాత కాగితాలవాడికి వేయకండి, చిరిగినా సరే పట్టుకురండి. అట్టలు వేయటానికి ఏడో తరగతి పిల్లలు సిద్ధంగా ఉన్నారు.