పేరు పడని పేజీల్లో 54 ఏళ్లు

ఉద్యోగం వెతుక్కుంటున్న ప్రతివాళ్లకీ ఇప్పుడు ఒకటే సలహా దొరుకుతోంది. నీ పేరు నలుగురికీ తెలియాలి, లింక్డ్‌ఇన్‌లో రోజూ కనపడాలి, చేసిన ప్రతి పనికీ ఓ పోస్టు పెట్టాలి అని. తప్పు సలహా ఏం కాదు. కానీ దానికి పూర్తిగా ఎదురు దారిలో నడిచిన కెరీర్ ఒకటి మన ప్రాంతంలోనే ఉంది. ఆ మనిషి ఒకే పత్రికలో 54 ఏళ్లు పనిచేశారు. ఆయన రాసింది లక్షల మంది చదివారు. ఎవరు రాశారో మాత్రం వాళ్లలో దాదాపు ఎవరికీ తెలీదు.

ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం. ఈ పేరు మీరు వినలేదంటే ఫర్వాలేదు. ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, వాళ్లకీ పేరు తెలియకపోవచ్చు. అదే తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం అని ఒక్కొక్కటీ చెప్పి చూడండి. ముఖం వెలిగిపోతుంది. చందమామ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన రోజులు, అన్నదమ్ములు పుస్తకం కోసం కొట్టుకున్న రోజులు అన్నీ బయటికొస్తాయి. ఆ సీరియల్స్ అన్నీ ఈయనవే.

తెనాలి నుంచి వడపళనికి

మీరు చెరుకుపల్లిలోనో, రేపల్లెలోనో, బాపట్లలోనో ఉంటూ రోజూ కాలేజీకో కోచింగ్‌కో తెనాలి బస్సెక్కేవాళ్లయితే, ఈయన మీకు పక్కింటి మనిషి కింద లెక్క. 1932 అక్టోబర్ 25న తెనాలి దగ్గర చినగాదెలవర్రులో పుట్టారు. వరిచేలు, కాలవలు, ఇంకాస్త కిందికి పోతే నిజాంపట్నం దగ్గర సముద్రం. మనం చూస్తూ పెరిగిన నేలే.

ఆయన పెరిగే రోజులకి తెనాలి మామూలు ఊరు కాదు. నాటకాలు, సాహిత్యం, పుస్తకాల అచ్చు, అన్నీ అక్కడ ఉండేవి. ఆ ఊరి నుంచి మద్రాసు వెళ్లినవాళ్లలో చక్రపాణి ఒకరు. 1947 జులైలో బి.నాగిరెడ్డితో కలిసి ఆయన చందమామ మొదలుపెట్టారు. తెలుగు, తమిళంతో మొదలైన ఆ పత్రిక తర్వాత్తర్వాత పన్నెండు భాషల దాకా పెరిగింది. తెనాలివాడే అయిన కొడవటిగంటి కుటుంబరావు 1952లో అందులో చేరి, 1980లో చనిపోయేదాకా దాన్ని నడిపించారు.

అదే 1952లో దాసరి సుబ్రహ్మణ్యం కూడా చందమామలో చేరారు. ఇరవై ఏళ్ల కుర్రాడు. అంటే ఇప్పుడు మీలో చాలామంది ఉన్న వయసే. చేరిన చోట తల పండిన రచయితలున్నారు. ఫ్రెషర్‌గా ఓ పెద్ద టీమ్‌లో పడటం ఎలా ఉంటుందో మీకు త్వరలోనే తెలుస్తుంది కాబట్టి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

సముద్రం మీద మొదలైన భయం

చేరిన రెండేళ్లకి, 1954లో, చందమామలో తోకచుక్క సీరియల్ మొదలైంది. దాసరివారి మొదటి సీరియల్ నవల అది. ఆయనకి అప్పటికి ఇరవై రెండేళ్లు అటూ ఇటూ.

కథ కుండలినీ ద్వీపంలో మొదలవుతుంది. సేనాని సమరసేనుడు ఓడల మీద సముద్రంలోకి బయల్దేరతాడు. చేరకూడని ఓ దీవికి చేరతాడు. అక్కడ ఏకాక్షి అని ఒంటికన్ను మాంత్రికుడు, చతుర్నేత్రుడు అని నాలుగు కళ్ల మాంత్రికుడు. ఇద్దరి మధ్యా పగ. ఆ పగ మధ్యలో ఇరుక్కున్న మామూలు మనుషులు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే, సముద్రం, దీవి, క్షుద్రశక్తులు కలిసిన ఓ హారర్ ఫాంటసీ. అది కూడా పిల్లల కోసం, నెలకి కొన్ని పేజీల చొప్పున.

ఈ నెలకి కొన్ని పేజీలు అన్నదాన్ని కాస్త ఆగి ఆలోచించండి. నవల మొత్తం రాసేసి, వెనక్కి వెళ్లి దిద్దుకునే వెసులుబాటు సీరియల్‌లో లేదు. పోయిన నెల అచ్చయింది అచ్చయినట్టే. చంపేసిన పాత్ర చచ్చినట్టే. ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ నాలుగు ముక్కల్లో చెప్పాలి, ఎందుకంటే మధ్యలో చేరిన పిల్లాడికీ అర్థం కావాలి. చివర్లో వచ్చే నెల దాకా గుర్తుండే ప్రమాదం ఒకటి పెట్టాలి. మధ్యలో చిత్రకారుడు గీయడానికి వీలున్న దృశ్యం ఉండాలి. ఆ బొమ్మలు వేసింది చిత్రా అనే సంతకంతో పేరు తెచ్చుకున్న టి.వి.రాఘవన్. ఏకాక్షి ముఖం తలుచుకుంటే ఇవాళ్టికీ కొందరికి ఒళ్లు జలదరిస్తుందంటే అందులో ఆయన కుంచెకీ సగం వాటా ఉంది.

ఇంకో సంగతి. ఆ వాక్యాలు చందమామ వేరే భాషల్లోకీ వెళ్లాలి. తోకచుక్క హిందీలో ధూమకేతు అయింది. కాబట్టి మాట తేలిగ్గా ఉండాలి, కథ మాత్రం బరువు తగ్గకూడదు. గ్రాంథికం పనికిరాదు, మరీ ఒక ఊరి యాసా పనికిరాదు. మీలో కోడింగ్ తెలిసినవాళ్లు దీన్ని వెంటనే పట్టుకుంటారు. వేరేవాళ్లు చదివి, ముందుకు తీసుకెళ్లగలిగేలా రాయడం అనేది ఒక పెద్ద నైపుణ్యం. తెలివి చూపించుకోవడం కంటే అది కష్టం.

తోకచుక్క తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ వరసగా వచ్చాయి. జలమూ, దీవీ, కోటా, లోయా, ఏదో ఒకటి భయపెడుతూనే ఉండేది.

బాస్‌కి నచ్చకపోతే

ఇక్కడ మీకు బాగా పనికొచ్చే ఘట్టం ఉంది. ఈ మాంత్రికులు, మంత్రాలు, కపాలాల వరస చక్రపాణికి పెద్దగా నచ్చేది కాదు. పత్రిక పెట్టింది ఆయన, నిర్ణయం ఆయనది. రాకాసిలోయ అయ్యాక దాసరివారి సీరియల్స్ ఆపించి, వాటి చోట బంకించంద్ర ఛటర్జీ దుర్గేశనందిని లాంటివి వేయించారు. గొప్ప రచయిత, గొప్ప నవల. అయినా చందమామ పాఠకులకి అది అంతగా ఎక్కలేదు. సర్క్యులేషన్ తగ్గింది. మళ్లీ దాసరివారినే పిలిచి రాయమన్నారు. 1966లో పాతాళదుర్గం మొదలైంది. ఆ తర్వాత శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, 1978లో భల్లూక మాంత్రికుడు. మొత్తం 12 సీరియల్స్.

దీన్నుంచి చివరికి టాలెంట్ గెలుస్తుంది అని ఓ పోస్టర్ చేసుకోవడం తేలిక. అంత తేలిక విషయం కాదు. తన రచన ఆపేశాక కూడా ఆయన ఆ ఆఫీసుకే వెళ్లారు. మిగతా పత్రిక పని చేస్తూనే ఉన్నారు. చందమామలో బయట నుంచి వచ్చిన కథల్ని ఏరడం, వాటిని పత్రిక భాషలోకి తిరగరాయడం చాలా పెద్ద పని. తన కథ లేని నెలలో కూడా పుస్తకం బాగా రావాలి కదా. మళ్లీ పిలుపు వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయి లేదు. ప్రాజెక్ట్ పోయి బెంచ్ మీద కూర్చున్న రోజుల్లో ఏం చేస్తామన్నదే తర్వాతి ప్రాజెక్ట్‌ని తేలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీ సీనియర్లని అడిగితే ఇదే చెప్తారు.

మరి పేరు సంగతి

చందమామ సీరియల్స్‌కి రచయిత పేరు వేసేవారు కాదు. పత్రిక పద్ధతి అంతే. పేజీ కింద చిత్రా సంతకం కనపడేది, రాసినవాడి పేరు ఉండేది కాదు. తోకచుక్క చదివి నిద్రపట్టని పిల్లలు, పెద్దయ్యి పెళ్లిళ్లయి, వాళ్ల పిల్లలకి అదే సీరియల్ రీప్రింట్‌లో చదివి వినిపించినప్పుడు కూడా రచయిత పేరు తెలీదు.

1978 తర్వాత చందమామలో ఆయన కొత్త సీరియల్ మొదలవలేదు. పాతవే మళ్లీ వేసేవారు. కానీ ఆయన ఉద్యోగం మాత్రం 2006 దాకా సాగింది. లెక్క వేయండి. కెరీర్‌లో సగానికి పైగా కాలం, అంటే దాదాపు 28 ఏళ్లు, కొత్త సీరియల్ లేకుండా, వేరేవాళ్ల కథలు సరిచేస్తూ గడిచింది. ఈ మధ్యలోనే 1998లో చందమామ కొంతకాలం ఆగిపోయింది కూడా. మళ్లీ మొదలైతే మళ్లీ వెళ్లి కూర్చున్నారు.

ఇంటర్నెట్ వచ్చాక పరిస్థితి కాస్త మారింది. పాత చందమామల స్కాన్లు చేతులు మారడం, అభిమానులు ఏ సీరియల్ ఎవరిదని ఆరా తీయడం మొదలైంది. అప్పుడు చాలామందికి ఈ పేరు తెలిసింది. ఆయనకి అప్పటికి డెబ్బై దాటాయి. 2010 జనవరి 27న విజయవాడలో కన్నుమూశారు. ఆ తర్వాత ఆయన కథలు, సీరియల్స్ పుస్తకాలుగా వచ్చాయి. అట్ట మీద, ఈసారి, పేరుతో.

ఇది ఒక్క తెలుగు కథే అనుకోకండి. డ్రాకులా రాసిన బ్రామ్ స్టోకర్‌ని చూడండి. ఐర్లాండ్‌లో గవర్నమెంట్ క్లర్కు. 1879లో వచ్చిన ఆయన పుస్తకం కోర్టు క్లర్కుల విధుల గురించిన మాన్యువల్. తర్వాత లండన్‌లో ఓ థియేటర్‌కి మేనేజర్. 1890లో విట్బీ అనే సముద్రపు ఒడ్డు ఊరికి వెళ్లి అక్కడ విషయాలు సేకరించుకున్నారు. డ్రాకులా అచ్చయింది 1897లో, అప్పటికి ఆయన వయసు 49. బతికుండగా జనం ఆయన్ని ప్రధానంగా థియేటర్ మేనేజర్‌గానే గుర్తించారు. ఒక్క తేడా ఉంది. స్టోకర్ పుస్తకం మీద స్టోకర్ పేరుంది. మనవాడి పేజీ మీద లేదు.

మీరేం తీసుకోవాలి

నన్నడిగితే, ఈ జీవితాన్ని పూర్తిగా ఆదర్శం అని మీ మీద రుద్దడం అన్యాయం. పేరు లేకుండా 54 ఏళ్లు పనిచేయమని ఇరవై రెండేళ్ల వాళ్లకి చెప్పే హక్కు ఎవరికీ లేదు. పేరు వేయకపోవడం ఆనాటి పత్రిక పద్ధతి కావచ్చు, కానీ దాని ఖర్చు పడింది మాత్రం ఒక మనిషి మీద. పేరుంటే వేరే అవకాశాలు వచ్చేవి, బేరమాడే బలం ఉండేది, కనీసం చదివిన పిల్లాడు ఒక ఉత్తరం రాసేవాడు.

అలాగని పేరు కోసమే పరిగెత్తమనీ చెప్పలేను. మీకు రాబోయే మొదటి ఉద్యోగంలో ఎక్కువ భాగం పేరు పడని పనే. కంపెనీ యాప్‌లో మీరు రాసిన స్క్రీన్ మీద మీ పేరుండదు. బ్యాంకులో చేరితే మీరు చేసిన రిపోర్టు మేనేజర్ సంతకంతో పైకి పోతుంది. సచివాలయంలో చేరితే మీరు చేసిన సర్వే ఒక అంకెగా మారి ఎక్కడో కలిసిపోతుంది. అప్పుడు పని నాణ్యత తగ్గించాలనిపిస్తుంది, నాకేంటి అనిపిస్తుంది. దాసరివారి దగ్గర నేర్చుకోవాల్సింది అక్కడ. పేరు లేని పేజీలో కూడా ఆయన ఏకాక్షిని అరకొరగా వదిలేయలేదు.

కాబట్టి రెండు పనులు పెట్టుకోండి. మొదటిది, ఎవరి పేరు మీద పోయినా పనిని మీదే అన్నట్టు చేయండి. రెండోది, ఆయనకి దొరకనిది మీరు దొరకబుచ్చుకోండి. చేసిన పనికి మీ దగ్గర ఒక లెక్క ఉంచుకోండి. ఏ తేదీన ఏం చేశారు, ఎందులో మీ వాటా ఎంత, దాంతో ఏం మారింది అని ఒక నోట్‌బుక్‌లోనో డాక్యుమెంట్‌లోనో రాసుకోండి. కంపెనీ రహస్యాలు బయటపెట్టకుండానే ఇది చేయొచ్చు. కోడ్ రాసేవాళ్లయితే ఓపెన్ సోర్స్‌లో ఓ చిన్న బగ్ సరిచేసినా మీ పేరు, తేదీ అందులో నిలిచిపోతాయి. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు, మీరు తయారుచేసే దాని మీద హక్కు ఎవరిది అన్న క్లాజ్ చదివాకే సంతకం పెట్టండి. ఇంటర్వ్యూలో ఈ సీరియల్ మీరే రాశారా అని అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఈ ఆదివారం వీలైతే తోకచుక్క సంపాదించి మొదటి రెండు భాగాలు చదవండి. చదువుతున్నప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి, రాసినవాడికి అప్పటికి మీ వయసే. ఇంట్లో పెద్దవాళ్లున్నారా, వాళ్లకి చదివి వినిపించి, రాసింది మన తెనాలి పక్కన చినగాదెలవర్రు మనిషని, పేరు దాసరి సుబ్రహ్మణ్యమని చెప్పండి. వాళ్లు అరవై ఏళ్ల నుంచి చదువుతున్నారు, ఇప్పటికైనా తెలుస్తుంది.