అన్నాభావు సాఠే: భూమిని మోసే చేతులు



మహారాష్ట్రలోని వాటేగావ్‌లో 1920 ఆగస్టు 1న మాంగ్ కులంలో పుట్టాడు తుకారాం. లోకానికి ఆయన అన్నాభావు సాఠే. బడికెళ్ళింది ఒకటిన్నర రోజే. కుల అవమానం భరించలేక మళ్ళీ పోలేదు. కుటుంబంతో కాలినడకన బొంబాయి చేరి కూలి పని, మిల్లు పని చేశాడు. అక్షరాలు సొంతంగా నేర్చుకున్నాడు.

1944లో అమర్ షేక్, గవాణ్కర్‌లతో కలిసి లాల్ బావటా కళాపథకం పెట్టాడు. తమాషా కళను కార్మికుల గొంతు చేశాడు. ఘాట్కోపర్ చిరాగ్‌నగర్ మురికివాడలో ఉంటూనే ముప్పైకి పైగా నవలలు రాశాడు. ఆకలిగొన్న జనం కోసం బ్రిటిష్ వాళ్ళ మీద తిరగబడ్డ మాంగ్ యువకుడి కథ ‘ఫకీరా’ను బాబాసాహెబ్‌కు అంకితమిచ్చాడు.

1958లో బొంబాయిలో మొదటి దళిత సాహిత్య సమ్మేళనాన్ని ప్రారంభిస్తూ, భూమిని మోసేది శేషుడి పడగ కాదు, దళితుల, శ్రామికుల చేతులేనని తేల్చేశాడు. బుద్ధుడు చెప్పిన సమ్యక్ దృష్టి ఇదే కదా! పురాణం చెప్పింది నమ్మడం కాదు, కళ్ళెదుట ఉన్నది ఉన్నట్టు చూడడం.

ఆయన ఎర్రజెండా కింద పనిచేసినవాడు. ఆయనది మాంగ్ కులం, బాబాసాహెబ్‌ది మహార్ కులం. అయినా బాబాసాహెబ్ మీద పాట కట్టాడు, జనం ఇప్పటికీ పాడుకుంటున్నారు. మన దగ్గర మాల, మాదిగ అని విడివిడిగా కూర్చునే వాళ్ళం దీన్ని ఆలోచించాలి. దీక్ష తీసుకున్నాక కూడా పక్కవాడి కులం అడిగితే, ఆ దీక్ష నోటి మాటే.

1969 జులై 18న, 49 ఏళ్ళు నిండకుండానే, పేదరికంలోనే ఆయన పోయాడు. ఆయన్ని మన పిల్లలకు చెబుదాం.

నమో బుద్ధాయ.