చీకటిని లెక్కగట్టిన జ్వికీ

బతుకుదెరువు కోసం దేశం దాటిన మనకు ఫ్రిట్జ్ జ్వికీ జీవితం కొత్తగా అనిపించదు. ఆయన తండ్రి స్విట్జర్లాండ్ నుంచి బల్గేరియా వెళ్లి వ్యాపారం చేసుకున్నాడు. అక్కడి వార్నా రేవు పట్టణంలో 1898 ఫిబ్రవరి 14న జ్వికీ పుట్టాడు. ఆరేళ్లకే పిల్లాణ్ని స్వదేశంలోని గ్లారస్‌కు, తాత ఇంటికి పంపేశారు. మన ఇళ్లలోనూ ఇలాంటివి ఎన్ని చూడలేదు! జ్యూరిక్‌లో భౌతికశాస్త్రం చదివి 1925లో ఫెలోషిప్ మీద అమెరికా చేరాడు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో స్థిరపడ్డా, చివరిదాకా స్విస్ పౌరుడిగానే ఉండిపోయాడు.

1933లో ఆయన కోమా అనే గెలాక్సీల గుంపు మీద దృష్టి పెట్టాడు. అందులోని గెలాక్సీలు విపరీతమైన వేగంతో కదులుతున్నాయి. వడిసెల గట్టిగా తిప్పితే, తాడు బలంగా లేకపోతే రాయి ఎగిరిపోతుంది కదా! ఆ గుంపు కూడా అలాగే ఎప్పుడో చెదిరిపోవాలి. చెదరలేదంటే కంటికి కనిపించని పదార్థమేదో దాన్ని పట్టి ఉంచుతోందన్నమాట. అది కనిపించేదానికి 400 రెట్లని ఆయన లెక్క. గెలాక్సీల దూరాలు అప్పట్లో సరిగా తెలియక అంకె ఎక్కువొచ్చింది గానీ, అసలు విషయం నిలబడింది. కృష్ణ పదార్థం మామూలు పదార్థానికి ఐదు రెట్లకు పైగా ఉందని నేటి అంచనా.

1934లో వాల్టర్ బాడేతో కలిసి, పేలిపోయే పెద్ద నక్షత్రాలకు సూపర్‌నోవా అని పేరుపెట్టాడు. తర్వాత వందకు పైగా సూపర్‌నోవాలను స్వయంగా కనిపెట్టాడు. అయినా కృష్ణ పదార్థం మాటను దాదాపు 40 ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నోటి దురుసు వల్ల మిత్రులూ తక్కువే. అలాంటి మనిషే రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బతిన్న గ్రంథాలయాలకు శాస్త్ర పత్రికలు సేకరించి పంపించాడు. 1974 ఫిబ్రవరి 8న పాసడీనాలో కన్నుమూశాడు. సమాధి మాత్రం సొంతగడ్డపై, మోలిస్‌లో ఉంది. ఆ దశాబ్దంలోనే వెరా రూబిన్ పరిశీలనలతో ప్రపంచం ఆ మాట నమ్మడం మొదలెట్టింది.

మరి ఆ పదార్థం ఏమిటి? తేలికపాటి రేణువులైతే, అవి ఒకదాన్నొకటి ఢీకొని నశించినప్పుడు పాజిట్రాన్లు పుట్టవచ్చు. పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌ను కలిస్తే 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు వెలువడతాయి. మన పాలపుంత నడిబొడ్డు నుంచి సరిగ్గా అవే వస్తున్నాయి. 2002లో ఐరోపా పంపిన ఇంటెగ్రల్ ఉపగ్రహం వాటిని చక్కగా పటం గీసింది. 2025లో దాని పరిశీలనలు ముగిసినా చిక్కు వీడలేదు. ఎందుకంటే సూపర్‌నోవాల్లో పుట్టే రేడియోధార్మిక పదార్థాలూ పాజిట్రాన్లను ఇవ్వగలవు. రెండు అనుమానాలూ జ్వికీ పనిచేసిన చోటికే దారితీస్తున్నాయి! 2008లో వెళ్లిన ఫెర్మీ టెలిస్కోపుకూ ఖాయమైన ఆనవాలు చిక్కలేదు. 1933 నాటి లెక్కకు జవాబు ఇంకా బాకీ ఉంది.