శక్తికి, నమ్మకమునకు నడుమ : డబ్ల్యు. ఓ. బెంట్లీ జీవితము

మోటారు వాహనమును చూచినప్పుడు మనలో చాలమంది మొదట అడుగునది దాని వేగమును గురించియే. అది ఎన్నాళ్ళు నమ్మకముగా నడచునన్న ప్రశ్న తరువాత గాని రాదు. ఉన్న ఇంజనుకు సూపర్‌చార్జరు అను సాధనమును తగిలించి దాని శక్తిని ఒక్కసారిగా పెంచవచ్చునని వినిన యువకుల ఉత్సాహమునకు హద్దుండదు. అట్టి కారును ప్రతిదినము నడుపుకొన్నచో అది ఎంతకాలము నిలుచునో తెలియగోరువారు వాల్టర్ ఓవెన్ బెంట్లీ అను ఆంగ్లేయుని జీవితమును తెలిసికొనవలెను. మేము సాహిత్యము చదివినవారమే గాని యంత్రశాస్త్రజ్ఞులము కాము. అయినను, ఒక పనివాని పేరు మోసిన వస్తువు ఆయన అభిప్రాయమునకు విరుద్ధముగా తయారైనప్పుడు ఏమి జరిగినదో చెప్పు ఈ కథ అందరికి ఉపయోగపడునని తలచి వ్రాయుచున్నాము.

బెంట్లీ 1888 సెప్టెంబరు 16వ తేదీన లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో జన్మించినారు. తొమ్మిదిమంది సంతానములో ఆయన కడపటివారు. పదునారేండ్ల వయస్సులో డాంకాస్టర్‌లోని గ్రేట్ నార్తర్న్ రైల్వే కర్మాగారమున అప్రెంటిసుగా చేరి, అయిదు సంవత్సరములు రైలింజన్ల నడుమ పెరిగినారు. తరువాత లండన్‌లో ఒక టాక్సీ కంపెనీలో చేరి, 250 యూనిక్ కార్ల మరమ్మతులను చూచుకొన్నారు. టాక్సీ షెడ్డులో నిలిచిన రోజు యజమానికి రాబడి లేని రోజు. ప్రతిదినము తిరుగవలసిన బండికి మెరుపు వేగము కంటె అలసట లేని ఇంజను ముఖ్యమను పాఠము ఆయనకు అక్కడనే వంటబట్టినదని మేము భావించుచున్నాము.

1912లో తన అన్నతో కలిసి డి.ఎఫ్.పి. అను ఫ్రెంచి కార్లను అమ్ము వ్యాపారములో ప్రవేశించినారు. 1913లో ఫ్రాన్సులోని ఆ కర్మాగారమునకు వెళ్ళినప్పుడు, అక్కడ బల్లమీద కాగితములు ఎగిరిపోకుండ ఉంచిన అల్యూమినియపు బరువు ఒకటి ఆయన కంటబడినది. అది చిన్న పిస్టను ఆకారములో నున్నది. నిజముగనే పిస్టన్లను ఈ లోహముతో చేసిన నేమి అను ఆలోచన ఆయనకు కలిగినది. కొంచెము రాగి కలిపిన అల్యూమినియముతో పిస్టన్లు పోయించి డి.ఎఫ్.పి. కారులో అమర్చినారు. ఇంజను శక్తి పెరిగినది.

ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఉన్న ఇంజను శక్తిని పెంచుటకు బెంట్లీ ఏనాడును విరోధి కారు. కాని అల్యూమినియపు పిస్టను ఇనుప పిస్టను కంటె తేలిక, వేడిని త్వరగా బయటికి పంపును. అందుచేత ఇంజనుకు శక్తి పెరుగుటతో పాటు శ్రమ తగ్గినది. శ్రమను తగ్గించి శక్తిని సాధించుట ఆయన మార్గము.

మొదటి ప్రపంచయుద్ధ కాలములో ఆయన ఈ విద్యను నౌకాదళపు విమాన విభాగమునకు సమర్పించినారు. ఆయన రూపొందించిన బి.ఆర్.1, బి.ఆర్.2 ఇంజన్లు యుద్ధ విమానములను నడిపించినవి. కారులో ఇంజను ఆగిన ప్రయాణము ఆగును. ఆకాశములో ఆగినచో ప్రాణమే ఆగును. యుద్ధము ముగిసిన పిదప ఆ సేవకు ప్రభుత్వము 8,000 పౌన్ల బహుమానమిచ్చినది.

1919లో బెంట్లీ మోటార్స్ స్థాపితమైనది. ఆ సంవత్సరమే ఆయన మొదటి భార్య ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారికి బలియైనది. దుఃఖమును పనిలో మరచుచు ఆయన మూడు లీటర్ల కారును సిద్ధము చేసినారు. 1921లో మొదటి కారు కొనుగోలుదారునకు అందినది. ప్రతి సిలిండరుకు నాలుగు వాల్వులు, రెండు స్పార్కు ప్లగ్గులు గల ఆ కారునకు అయిదేండ్ల హామీ ఇచ్చినారు. ఆనాటికి అది సామాన్యమైన మాట కాదు.

ఆ మాటను పరీక్షించిన స్థలము ఫ్రాన్సులోని లె మాన్. అక్కడ ఇరువదినాలుగు గంటలు విరామము లేక పందెము సాగును. 1924లో బెంట్లీ కారు గెలిచినది. 1927లో రాత్రివేళ పెద్ద ప్రమాదములో చిక్కి, ఒరిగిన చట్రముతోనే తెల్లవారులు పరుగెత్తి మరొక బెంట్లీ గెలిచినది. 1928, 1929, 1930 సంవత్సరములలోను విజయము ఆ కార్లదే. ఈ అయిదు విజయములలో ఒక్కటియు సూపర్‌చార్జరు గల కారుది కాదు.

ఇక్కడ ఆ సాధనమును గురించి కొంత చెప్పవలెను. ఇంజను మామూలుగా తనకు చాలినంత గాలిని తానే పీల్చుకొనును. సూపర్‌చార్జరు ఇంజను బలముతోనే తిరుగుచు అంతకంటె ఎక్కువ గాలిని సిలిండర్లలోనికి బలవంతముగా నెట్టును. గాలి హెచ్చిన కొలది పెట్రోలు కూడ హెచ్చుగా మండును, శక్తి పెరుగును. కాని అదిమిన గాలి వేడెక్కును. వేడి మితిమీరినచో ఇంధనము సమయము కాకమునుపే ప్రేలి పిస్టన్లను దెబ్బతీయును. సిలిండరు తలకట్టు క్రింది గాస్కెట్టు, బేరింగులు, నూనె, చల్లబరచు నీరు అన్నియు తమకు లెక్కకట్టిన భారమును మించి మోయవలసి వచ్చును.

బెంట్లీ జట్టులో హెన్రీ బర్కిన్ అను సాహసికుడుండెడివాడు. నాలుగున్నర లీటర్ల కారునకు సూపర్‌చార్జరు తగిలించవలెనని ఆయన పట్టుపట్టినాడు. ఏంహర్స్ట్ విలియర్స్ అను ఇంజనీరు ఆ సాధనమును రూపొందించగా, డొరొథీ పేజెట్ అను సంపన్నురాలు ధనమిచ్చినది. బెంట్లీకి ఇది సమ్మతము కాదు. ఇంకను శక్తి కావలెనన్నచో ఇంజనును పెద్దదిగా చేయవలెను గాని, గాలిని బలవంతముగా నెట్టి దాని స్వభావమును చెరుపరాదని ఆయన మతము. ఆరున్నర లీటర్ల స్పీడ్ సిక్స్ కారు ఆయన ఇచ్చిన సమాధానము. కాని కంపెనీని అప్పులనుండి కాపాడినది కింబర్లీ వజ్రముల వ్యాపారి కుమారుడు వుల్ఫ్ బర్నాటో ధనము. 1926నుండి పెత్తనము ఆయనదే. ఆయన బర్కిన్‌కు తోడ్పడినాడు. తన పేరుగల సంస్థలో తన మాట చెల్లని స్థితి బెంట్లీకి సంభవించినది.

ఇంజను నిర్మాణమును మార్చి దానిని లోపల ఇముడ్చుటకు ఆయన ఒప్పుకొనలేదు. అందుచేత సూపర్‌చార్జరును రేడియేటరు ముందు, క్రాంక్ షాఫ్టు కొసకు బిగించినారు. ముందుభాగము బరువెక్కి, మలుపులలో కారు తిన్నగా త్రోవ తిరుగక మొరాయించెడిది. రోడ్డు మీది కారు 110 అశ్వసామర్థ్యమునుండి 175కు, పందెపు కారు 130నుండి 240కి పెరిగినవి. పెట్రోలు ఖర్చును విపరీతముగా పెరిగినది. లె మాన్ నియమము ప్రకారము సామాన్యులకు అమ్ముటకు 50 కార్లు తయారు చేయవలసి వచ్చినది.

తీర్పు 1930 జూన్‌లో వెలువడినది. లె మాన్‌లో జర్మనీ వీరుడు కరచియోలా తన మెర్సిడెస్‌తో వచ్చినాడు. దానికిని సూపర్‌చార్జరు ఉన్నది. కాని అది యాక్సిలరేటరును పూర్తిగా అదిమినప్పుడు మాత్రమే పనిచేయును. కొలది సేపటికి మించి వాడరాదు. బర్కిన్ దానిని భీకరముగా తరిమినాడు. రాత్రివేళ మెర్సిడెస్ పందెమునుండి తొలగినది. పేజెట్ జట్టు తరఫున దిగిన రెండు సూపర్‌చార్జరు బెంట్లీలును గమ్యము చేరలేదు. మొదటి రెండు స్థానములను పందెమున సుమారు 200 అశ్వసామర్థ్యము గల స్పీడ్ సిక్స్ కార్లు గెలుచుకొన్నవి. శక్తి తక్కువైనను అవి తెల్లవారి, సాయంకాలము వరకు నడచినవి.

న్యాయముగా మరియొక మాటయు చెప్పవలెను. అదే సంవత్సరము పో నగరములో జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో బర్కిన్ ఆ బరువైన కారుతోనే రెండవ స్థానము పొందినాడు. 1932లో బ్రూక్‌లాండ్స్‌లో గంటకు 137.96 మైళ్ళ వేగము సాధించినాడు. కొద్ది సేపటి పరాక్రమమునకు సూపర్‌చార్జరు సాటిలేనిది. దీర్ఘకాలపు సేవ దానికి వేరు పరీక్ష.

1929లో మొదలైన ఆర్థిక మాంద్యము విలాసపు కార్ల వ్యాపారమును కూలదోసినది. 1931లో బెంట్లీ మోటార్స్ దివాలా తీయగా రోల్స్ రాయిస్ దానిని కొన్నది. కంపెనీతో పాటు బెంట్లీ అను పేరును వారి సొత్తైనది. ఆయన కొంతకాలము వారి ఉద్యోగిగా నుండి, 1935లో లగొండా కంపెనీకి వెళ్ళి పండ్రెండు సిలిండర్ల ఇంజనును రూపొందించినారు. అక్కడ ఆయన ఆధ్వర్యమున తయారైన 2.6 లీటర్ల ఇంజను తరువాత ఆస్టన్ మార్టిన్ డి.బి.2 కారులో ప్రసిద్ధికెక్కినది. 1971 ఆగస్టు 13న, తమ 82వ యేట ఆయన కన్నుమూసినారు.

విచిత్రమేమన, నేడు లోకము ఎక్కువగా మోహించు బెంట్లీ ఆయనకు నచ్చని ఆ కారే. కథలలో జేమ్స్ బాండ్ మొదట నడిపినది దానినే. 2012లో బర్కిన్ పందెపు కారు యాభై లక్షల పౌన్లకు పైగా వెల పలికినది. దానివలన ఆయన అభిప్రాయము తప్పని తేలదు. వేలములో అమ్ముడగు కారు ప్రతి ఉదయము కచేరీకి పోవలసిన పని లేదు.

సూపర్‌చార్జరు ఎన్నడును నమ్మదగినది కాదని మేము చెప్పబోవుట లేదు. 1990ల తరువాత మెర్సిడెస్, జాగ్వార్ వంటి సంస్థలు కర్మాగారములోనే దానిని అమర్చి అమ్మిన కార్లు లక్షల మైళ్ళు తిరిగినవి. వాటిలో పిస్టన్లు, గాస్కెట్లు, శీతలీకరణము, ఇంధనపు కొలత అన్నియు ఆ ఒత్తిడికి ముందే లెక్కగట్టినవి. మామూలు ఇంజనుకు తరువాత తగిలించువాడు ఆ లెక్కలన్నిటిని తానే వేసికొనవలెను: ఒత్తిడి మితముగా ఉంచవలెను, ఇంధనమును, నిప్పురవ్వ సమయమును సరిచేయించవలెను, నూనెను త్వరగా మార్చవలెను, నీటి వేడిని కనిపెట్టుచుండవలెను. ఆ ఖర్చును, ఓపికను లేనివాడు, డబ్బున్నచో, పెద్ద ఇంజను గల బండిని కొనుటయే మేలు. బెంట్లీ తొంబది యేండ్లకు ముందే చెప్పినది కూడ ఇంతే.