మడత మిగిలింది... పద్ధతి పోయింది!

టెక్స్‌టైల్ డిజైన్ చదువుతున్నారా? అయితే ఫ్యాబ్రిక్ మానిప్యులేషన్ శాంపిల్స్ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఉన్న బట్టనే మడిచి, కుట్టి, తడిపి, మెలిపెట్టి దానికి ఇంతకుముందు లేని రూపు తీసుకురావడమే ఆ పని. పిన్‌టక్స్, స్మాకింగ్, ప్లీటింగ్... సెమిస్టర్ అయ్యేసరికి పదుల కొద్దీ ముక్కలు పోగవుతాయి. బాగా వచ్చినవి పోర్ట్‌ఫోలియోలోకి, మిగతావి సంచిలోకి. అంతవరకూ బాగానే ఉంది. ఏడాది తర్వాత ఇంటర్వ్యూలో అందులోని ఒక మంచి ముక్క చూపించి, దీన్నే మూడు మీటర్ల మీద చేసివ్వమంటే? గ్రూపులో చేసినదైతే, అందులో మీ చెయ్యి ఎంతవరకో చెప్పమంటే?

ఈ రెండు ప్రశ్నలూ ప్రపంచంలోనే పేరున్న ఒక డిజైనర్ జీవితంలోనూ ఎదురయ్యాయి. ఆయన మరియానో ఫార్చునీ. ప్లీట్స్ అనగానే ఇప్పటికీ ఫ్యాషన్ పుస్తకాలు తలచుకునే పేరు. ఆయన కథ తెలుసుకుంటే మీ శాంపిల్ ముక్క విలువ ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

బట్టల మధ్య బాల్యం

ఫార్చునీ 1871లో స్పెయిన్‌లోని గ్రనడాలో పుట్టారు. తండ్రి పేరు కూడా మరియానో ఫార్చునీయే. ఆ కాలంలో యూరప్ అంతటా పేరున్న చిత్రకారుడు. తల్లి సెసీలియాది కూడా చిత్రకారుల కుటుంబమే. ఆమె తండ్రి మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియానికి డైరెక్టరుగా చేశారు. కానీ ఫార్చునీకి మూడేళ్లప్పుడే, 1874లో తండ్రి రోమ్‌లో చనిపోయారు. తల్లి పిల్లల్ని తీసుకుని పారిస్ చేరింది. 1889లో కుటుంబం ఇటలీలోని వెనిస్‌కు మారింది. గుర్రాలు దగ్గరికొస్తే కుర్రాడికి పడేది కాదట. కాలువలు, పడవల ఊరైన వెనిస్‌లో ఆ బాధ లేదు.

ఆ ఇంట్లో ఆస్తి అంటే పాత వస్తువులు, పాత బట్టలు. తండ్రి సేకరించినవి కొన్ని, తల్లి కొన్నవి మరికొన్ని. వెల్వెట్లు, జరీ పనులు, దూర దేశాల నేతలు. వాటిని తాకుతూ, విప్పి చూస్తూ పెరిగాడు ఫార్చునీ. ఫ్యాషన్ కాలేజీ మెట్లు ఎక్కింది లేదు. బట్టను చేత్తో పట్టుకుని ఇది ఎలా తయారై ఉంటుందని ఆలోచించడమే ఆయన చదువు.

ముందు స్టేజీ, తర్వాత బట్ట

ఆయన నేరుగా బట్టల పనిలోకి రాలేదు. మొదట బొమ్మలు గీశారు. తర్వాత నాటకరంగం పట్టుకుంది. 1900లో మిలాన్‌లోని లా స్కాలాలో ఒక వాగ్నర్ ఒపేరాకి సెట్లు వేశారు. లైటు నేరుగా నటుల మీద పడకుండా, వేరే ఉపరితలం మీద పడి తిరిగి వచ్చేలా ఒక పద్ధతి కనిపెట్టారు. స్టేజీ వెనుక ఆకాశంలా కనిపించే గుమ్మటం తయారు చేశారు. దానికి ఫార్చునీ డోమ్ అనే పేరు స్థిరపడిపోయింది.

గమనించారా? బొమ్మ, వెలుగు, యంత్రం అన్నీ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. తర్వాత ఆయన బట్టల్లో ఇవన్నీ కనిపిస్తాయి. ఆ గౌన్ల మడతల మీద వెలుగు పడి నీళ్లలా కదలడం యాదృచ్ఛికం కాదు. మీరు టెక్స్‌టైల్స్‌లోకి వేరే బ్రాంచి నుంచి వచ్చి ఉంటే, అది లోపమనుకోకండి.

1906లో పారిస్‌లో ఒక ప్రైవేటు థియేటర్ కోసం ఆయన తొలిసారి బట్ట మీద పని చూపించారు. క్రీటు దీవిలోని నోసోస్ తవ్వకాల్లో బయటపడిన పురాతన కళ అప్పట్లో అందరి నోళ్లలో నానుతోంది. ఆ బొమ్మల్ని పొడవాటి పట్టు వస్త్రాలపై అచ్చు వేశారు. కుట్టే లేని ఆ గుడ్డను ఒంటికి ఎన్ని రకాలుగా చుట్టుకుంటే అన్ని రకాల దుస్తులు. చీర తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యం లేదు గానీ, అప్పటి పారిస్‌కు అది వింతే!

గౌను పేరు డెల్ఫోస్

ఇక అసలు సంగతికొద్దాం. గ్రీసులోని డెల్ఫీలో 1896లో ఒక కంచు విగ్రహం దొరికింది. రథం తోలే యువకుడి విగ్రహం. భుజాల నుంచి పాదాల దాకా జారే నిలువు మడతల అంగీ వేసుకుని ఉంటాడు. ఆ మడతల్ని తలపించే గౌను ఒకటి 1907 ప్రాంతంలో వెనిస్‌లో తయారైంది. పేరు డెల్ఫోస్.

కట్టింగ్ చూస్తే ఏమీ లేదు. పల్చటి పట్టు పన్నాలు నాలుగైదు నిలువుగా కలిపి కుట్టిన గొట్టం లాంటిది. డార్ట్స్ లేవు, నడుము దగ్గర ఆకారం లేదు. పని అంతా బట్టలోనే ఉంది. పైనుంచి కింది దాకా సన్నటి మడతలు, వందల్లో. ఒక్కటీ గీత గీసినట్టు ఉండదు, కాస్త అటూ ఇటూ వంగుతూ చేత్తో చేసినట్టే ఉంటాయి. ఒంటి మీద వేసుకోగానే అవసరమైన చోట విచ్చుకుంటాయి, లేనిచోట దగ్గరగా ముడుచుకుంటాయి. పక్క కుట్ల వెంట మురానో గాజు పూసలు కట్టారు. అవి అందానికే కాదు. ఈకలా తేలిపోయే పట్టును కిందికి లాగి పట్టుకునే బరువు కూడా అవే.

ఆ రోజుల్లో యూరప్ ఆడవాళ్లు కోర్సెట్లు బిగించుకునేవారు. దీనికి ఆ బాధ లేదు. మొదట్లో ఇంట్లో అతిథుల ముందు వేసుకునే గౌనుగానే చూశారు. తర్వాత బయటికీ వేసుకెళ్లారు. నాట్యకారిణి ఇసడోరా డంకన్ వేసుకున్నారు. మార్సెల్ ప్రూస్ట్ తన నవలలో ఫార్చునీ దుస్తుల్ని పేరు పెట్టి ప్రస్తావించారు. గౌనును దాచే తీరు ఇంకా తమాషా. మడత పెట్టరు, హ్యాంగరుకు తగిలించరు. తాడులా మెలి తిప్పి, చుట్ట చుట్టి చిన్న గుండ్రటి పెట్టెలో పెడతారు. చీరకు ముందే కుచ్చిళ్లు పెట్టి బాక్స్ ఫోల్డింగ్ చేసిచ్చే పని ఇప్పుడు మన ఊళ్లలోనూ ఒక ఉపాధి కదా! బట్టతో పాటు దాన్ని దాచే పద్ధతిని కూడా డిజైన్ చేయాలన్న ఆలోచన అక్కడ అప్పుడే ఉంది.

తడిస్తే అంతే!

ఇన్ని చెప్పాక ఒక బలహీనత కూడా చెప్పాలి. డెల్ఫోస్ తడిస్తే మడత పోతుంది. మళ్లీ మడతలు పెట్టించుకోవాలంటే అప్పట్లో గౌనును వెనిస్‌కు పంపాల్సి వచ్చేది.

ఎందుకలా? పట్టు కూడా మన జుట్టులాగే ప్రొటీన్. జుట్టును ఇస్త్రీ చేసినట్టు స్ట్రెయిట్ చేయిస్తే తలస్నానం చేసేదాకే నిలుస్తుంది. నీళ్లు తగలగానే లోపలి బంధాలు వదులై పాత ఆకారానికి వెళ్లిపోతుంది. గంజి పెట్టిన నూలు చీర మడతా ఉతికితే పోతుంది గానీ, అక్కడ పోయేది గంజి. పాలియెస్టర్ తీరే వేరు. వేడికి మెత్తబడుతుంది, చల్లారాక అదే ఆకారంలో గట్టిపడుతుంది. అందుకే జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే 1993లో ప్లీట్స్ ప్లీజ్ మొదలుపెట్టినప్పుడు పాలియెస్టర్ తీసుకున్నారు. ముందు దుస్తుల్ని చాలా పెద్ద సైజులో కుట్టి, తర్వాత కాగితాల మధ్య పెట్టి వేడి ప్రెస్‌లో మడతలు వేయించారు. ఆ మడతలు ఉతికినా నిలుస్తాయి. ఒకటే మడత, రెండు పోగులు, రెండు ఫలితాలు! మీ శాంపిల్ కింద ఫైబర్ పేరు రాయకపోతే ఆ ముక్క సగం మూగదే.

పేటెంట్ కాగితం మీద చేతిరాత

1909లో ఫార్చునీ ఈ మడతల బట్టకు పారిస్‌లో పేటెంట్ తీసుకున్నారు. పేటెంట్ ఆయన పేరు మీదే ఉంది. కానీ ఆ పేటెంట్ ప్రతి మీద ఆయనే చేత్తో ఒక మాట రాసి సంతకం పెట్టారు. దీన్ని కనిపెట్టింది హెన్రియెట్ అనీ, ఇది ఆమె సొత్తు అనీ, త్వరగా దాఖలు చేయాల్సి రావడంతో తన పేరు పెట్టాననీ దాని సారాంశం.

ఎవరీ హెన్రియెట్? ఫ్రాన్స్‌లో 1877లో పుట్టిన హెన్రియెట్ నెగ్రిన్. 1902లో వెనిస్‌కు వచ్చి ఫార్చునీ జీవితంలోనూ, పనిలోనూ భాగమైంది. తర్వాత ఆయన్ని పెళ్లి చేసుకుంది. పలాజో పెసారో ఓర్ఫెయ్ అనే పాత భవంతిలోని వర్క్‌షాపును నడిపింది ఆమే. రంగులు కలపడం, పనివాళ్లకు నేర్పడం, పట్టు పని చూసుకోవడం అన్నీ ఆమె చేతిమీదుగానే సాగాయి.

అయినా ప్రపంచానికి తెలిసింది ఫార్చునీ గౌను గానే. దుకాణంలో అదే పేరు, లేబుల్ మీద అదే పేరు, పుస్తకాల్లోనూ అదే పేరు. ఆమె పేరు మ్యూజియం వివరాల్లోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. అదైనా ఎందుకొచ్చింది? ఆ చేతిరాత ఉంది కాబట్టి. ఒక్క రెండు వాక్యాలు! అవే లేకపోతే ఈ రోజు ఆమె గురించి చెప్పడానికి ఆధారమే తక్కువ.

ఫార్చునీని ఇక్కడ దొంగ అనలేం, ఎందుకంటే రాసింది ఆయనే. మహానుభావుడనీ అనలేం. ఆ మాట ఆయన లేబుల్ మీద రాయలేదు. అప్పటి లోకం తీరు అది అని సరిపెట్టుకోవచ్చు. కానీ మీరున్నది ఇప్పటి లోకంలో కదా!

రెండు రహస్యాలు, రెండు దారులు

1920ల మొదట్లో ఫార్చునీ వెనిస్‌లోని జుడెక్కా దీవిలో ఫ్యాక్టరీ పెట్టారు. అక్కడ నూలు బట్ట మీద అచ్చు పని. చూస్తే పాత కాలపు జరీ వస్త్రంలా, వెల్వెట్‌లా కనిపిస్తుంది గానీ అది మామూలు నూలే. ఆ అచ్చు పద్ధతి కూడా రహస్యమే.

1949లో ఫార్చునీ చనిపోయారు. ఫ్యాక్టరీని అప్పటికే ఆయన బట్టలు అమెరికాలో అమ్ముతున్న ఎల్సీ మెక్‌నీల్ అందుకున్నారు. యంత్రాలు ఉన్నాయి, పని తెలిసిన మనుషులు ఉన్నారు. చేతులు మారినా పని ఆగలేదు. జుడెక్కాలో ఆ బట్ట ఇప్పటికీ తయారవుతోంది. బయటివాళ్లకు రహస్యమే అయినా, లోపలివాళ్లకు అందింది.

డెల్ఫోస్ సంగతి అలా కాలేదు. ఫార్చునీ పోయాక ఆ గౌన్ల తయారీ ఆగిపోయింది. 1965లో హెన్రియెట్ కూడా కన్నుమూసింది. భవంతి వెనిస్ నగరానికి దక్కి మ్యూజియమైంది. పేటెంట్‌లో వేడి గొట్టాలతో బట్టకు అలలు తెచ్చే పరికరం ఉంది. కానీ ఆ సన్నటి నిలువు మడతలు చేత్తో ఎలా పెట్టారు, ఎంత తడి మీద, దారంతో పట్టి ఉంచారా అనేది అందులో పూర్తిగా లేదు. ఆ తర్వాత ఎందరో ప్రయత్నించారు. దగ్గరికి వెళ్లారు గానీ అచ్చం అలాగే రాలేదంటారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ గౌన్లు ఉన్నాయి. వస్తువు కళ్ల ముందే ఉంది. చేసే దారి మాత్రం ఇద్దరు మనుషులతో పోయింది.

మీ శాంపిల్ వెనుక ఏం రాయాలి?

వ్యాపార రహస్యం దాచుకోవడం తప్పేమీ కాదు. కానీ విద్యార్థిగా, ఉద్యోగం వెతుక్కునే మనిషిగా మీకు కావాల్సింది దాపరికం కాదు, రుజువు. శాంపిల్ ముక్క ఫలితాన్ని చూపిస్తుంది. దాని వెనుక అతికించిన కాగితం మీకు పని వచ్చని చూపిస్తుంది. ఆ కాగితం మీద ఇవి ఉండేలా చూసుకోండి.

మొదట బట్ట: ఏ ఫైబర్, ఏ నేత, ఎంత బరువు. తర్వాత కొలతలు: మడవకముందు ఎంత, మడిచాక ఎంత. ఇది చాలామంది వదిలేస్తారు. ముప్పై సెంటీమీటర్ల ముక్క పది సెంటీమీటర్లకు కుదిరిందంటే, ఒక మీటరు కావాలంటే మూడు మీటర్లు కొనాలన్నమాట. ఖర్చు లెక్క వేసే కంపెనీకి ముందుగా కావాల్సింది అదే.

ఆ తర్వాత పద్ధతి: మడత వెడల్పు, కుట్ల మధ్య దూరం, తడి, వేడి, ఎంతసేపు. పట్టిన సమయం కూడా రాయండి. ఒక ముక్కను ఉతికి, ఉతకని ముక్క పక్కనే అతికించండి. చెడిపోయిన ముక్కల్ని పారేయకండి. ఎందుకు చెడిందో ఒక్క వాక్యం రాసి పెట్టుకుంటే, బాగా వచ్చిన ముక్కకు అదే సాక్ష్యం.

చివరగా పేర్లు. ఆలోచన ఎవరిది, మడత పెట్టింది ఎవరు, రంగు వేసింది ఎవరు? గ్రూపు పనైతే అందరి పేర్లూ, ఎవరి పని వారి పేరు ఎదురుగా రాయండి. నేతన్న దగ్గరో, అద్దకం చేసేవారి దగ్గరో నేర్చుకుని చేసినదైతే, వారి అనుమతితో ఆ పేరూ చేర్చండి. మీ పేరు వేరొకరు వదిలేస్తే అడగండి, మొహమాటపడకండి. త్వరలో సబ్మిషన్ ఉందని ఇప్పుడు వదిలేసి, తర్వాత చూసుకుందాంలే అనుకుంటే అది జరగదు. 1909లోనూ కారణం తొందరే!

ఈ వారం మీ సంచిలోంచి ఒక పాత శాంపిల్ తీయండి. దాని వెనుక ఇవన్నీ రాయగలరేమో చూడండి. రాయలేకపోతే, గుర్తున్నప్పుడే మళ్లీ ఒకసారి చేసి రాసుకోండి.