మూసారాముడు

మన మదీనాగూడవారు మియాపూరులో మెట్రో బండి నెక్కి ఎల్.బి. నగరు వైపు పోవునప్పుడు, మలక్‌పేట దాటిన పిమ్మట మూసారాంబాగు అను స్టేషను వచ్చును. ఆ పేరులోని రాముడు దశరథనందనుడు కాడు. మిషెల్ జోయాకిం మరీ రేమాఁ అను ఫ్రెంచి సేనాని. ముస్యే అను పరాసు గౌరవవాచకము జనుల నోట మూసా యయ్యెను. హిందువులు మూసారాముడనియు, ముసల్మానులు మూసా రహీమనియు పిలుచుకొనిరి.

ఈయన 1755లో ఫ్రాన్సు దేశపు గాస్కనీ సీమయందు జన్మించి, 1775లో పుదుచ్చేరి చేరెను. కొంతకాలము హైదరాలీ పక్షమున పోరాడి, పిమ్మట బుస్సీ దొరకు సహాయకుడయ్యెను. బొబ్బిలి కథలో మన మెరిగిన బుస్సీయే యాతడు. 1785లో బుస్సీ గతింపగా, రేమాఁ నిజామలీఖాను కొలువున ప్రవేశించెను.

ఆయుధములకై పరుల మొగము చూచు ప్రభువునకు స్వాతంత్ర్యము మాటవరుసకే. 1786లో రేమాఁ హైదరాబాదున ఫిరంగుల కర్మాగారమును నెలకొల్పెను. జనులు దానిని తోప్ కా సాంచా, అనగా ఫిరంగి మూస అనిరి. నేటి గన్‌ఫౌండ్రీ పేటకు పేరు దానివలననే కలిగినది. ఆ కాలపు ఫిరంగి పని యిట్టిది: మట్టిమూస చేసి యెండబెట్టి, కాల్చి, రాగికి తగరము కలిపి కరగించిన కంచును అందు పోయుదురు. చల్లారిన పిదప లోపలి గొట్టమును తొలిచి నునుపు చేయుదురు. పనివాని నేర్పంతయు నిచటనే. గొట్టము గుండుకంటె మిక్కిలి వెడల్పయినచో మందు బలము ప్రక్కలనుండి జారిపోవును. మిక్కిలి యిరుకయినచో గుండు లోనికి దిగదు. నేడు వేట రైఫిలును ప్రత్యేకముగా చేయించుకొనువారు, దాని మందుగదికి సరిపడునట్లు ఇత్తడి తూటా గొట్టమును వెంట్రుకవాసి తేడా లేక మలచుకొందురట. రేమాఁ నాటికి ఇత్తడి తూటా పుట్టలేదు. సిపాయి మందును గుండును చుట్టిన కాగితపు పొట్లమును పంటితో చించి, తుపాకి మూతినుండి దట్టించుకొనవలెను. అయినను కొలత తప్పినచో నాడును నేడును ఫలమొక్కటే.

1795 మార్చిలో ఖర్డా యొద్ద మరాఠీలతో జరిగిన యుద్ధమున నిజామునకు పరాజయము కలిగినను, రేమాఁ పటాలములు చెదరక నిలిచినవి. ఆ యేడే తిరుగబడిన రాజకుమారుడు ఆలీజాను ఆయనయే పట్టుకొనెను. ప్రభువునకు నమ్మకము పెరిగెను, పటాలములు పది వేలకు మించెను, ఇంగ్లీషువారికి కంటగింపయ్యెను.

1798 మార్చి 25న రేమాఁ మరణించెను. విషప్రయోగమని కొందరు, ఆత్మహత్యయని కొందరు చెప్పుకొనిరి. ఆస్మాన్‌గఢ్ గుట్టపై ఆయన సమాధియు, సుమారు 23 అడుగుల శిలాస్తంభమును కలవు.

ఆయన స్థానమునకు పిరాఁ అనువాడు వచ్చెను. సెప్టెంబరులో నిజాము ఇంగ్లీషువారితో సంధి చేసికొని, ఫ్రెంచి పటాలములను రద్దుచేయుటకు సమ్మతించెను. ఇక జరిగినది లెక్కలు వ్రాయు నావంటివాడు రెండుమారులు చదువదగినది. సిపాయిలకు జీతపు బకాయిలు పేరుకొని యుండెను. అక్టోబరులో వారు తమ దొరలనే చుట్టుముట్టి నిర్బంధించిరి. ఇంగ్లీషు సైన్యము చుట్టును విడిసి, బకాయి చెల్లింతుమనియు, వేరు కొలువు చూపింతుమనియు వారికి మాట యిచ్చెను. రేమాఁ పండ్రెండేండ్లు పోతపోయించి, తర్ఫీదిచ్చి, తీర్చిన ఆ దండు యుద్ధము లేకయే ఆయుధములు దింపి వెడలిపోయెను.