అరువది రాత్రుల వాద్యము

సన్నాయి మేళము ప్రక్కన వీణను వాయింపుమన్నచో ఏమగును? వైణికుడెంతటి విద్వాంసుడైనను డోలు దెబ్బలలో ఆతని తంత్రుల పలుకు మునిగిపోవును. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో అమెరికా దేశపు జాజ్ మేళములందు గిటారు స్థితియు అట్టిదే. ట్రంపెట్లును, శాక్సఫోనులును, డ్రమ్ములును చెలరేగుచుండ, గిటారు వాద్యకుడు వెనుక కూర్చుండి లయ నిలుపుటకు మాత్రమే పనికివచ్చుచుండెను. ఆతని వ్రేళ్ల కదలిక సభవారికి కనబడునే గాని, వాటి పలుకు వినబడదు. ఈ మూగతనమును బాపి గిటారును సభ ముందు నిలిపినవారిలో అగ్రగణ్యుడు చార్లీ క్రిస్టియన్. ఆతడు జీవించినది ఇరువదియైదేండ్లు మాత్రమే.

చార్లీ 1916 జూలై 29వ తేదీన టెక్సాస్ రాష్ట్రమందలి బోన్‌హామ్ పట్టణమున ఒక నల్లజాతి కుటుంబమున జన్మించెను. ఆతని పసితనమునందే ఆ కుటుంబము ఓక్లహామా నగరమునకు తరలిపోయెను. తండ్రి క్లారెన్స్ హెన్రీ సంగీతకారుడు. జ్వరము సోకి ఆతని చూపు పోయెను. పిదప ఆతడు కుమారులను వెంటబెట్టుకొని కలవారి వీధులలో పాడుచు, వాయించుచు, వారిచ్చిన దానితో సంసారమును నెట్టుకొనివచ్చెను. చార్లీ మొదట ఆ బృందమున చిందులు వేయు బాలుడు. తరువాత గిటారు పట్టెను. ఆతనికి పండ్రెండేండ్ల వయస్సున తండ్రి మరణించెను. తండ్రి వాద్యములే కుమారునకు దక్కిన ఆస్తి.

నల్లజాతి పిల్లలకు వేరు పాఠశాలలున్న దినములవి. చార్లీ డగ్లస్ పాఠశాలలో చదివెను. అచట చేతిపనుల తరగతిలో చుట్టల పెట్టెతో గిటారు చేసి, దానిని వాయించి తోడివారిని అబ్బురపరచుచుండెనని, అదే పాఠశాలలో చదివి తరువాత ప్రసిద్ధ నవలాకారుడైన రాల్ఫ్ ఎల్లిసన్ వ్రాసియున్నాడు. బడి మేళములో చార్లీ కోరినది శాక్సఫోను. సంగీతోపాధ్యాయురాలు జెలియా బ్రో ట్రంపెట్టు నేర్వుమనెను. ట్రంపెట్టు ఊదినచో పెదవి చెడునని తలచి, ఆ బాలుడు మేళమును విడిచి బేస్‌బాల్ ఆటకు పోయెను. అయినను శాక్సఫోను ఆతని చెవిని విడువలేదు కాబోలు! తరువాతి కాలమున ఆతని గిటారు పలుకు శాక్సఫోను పలుకువలె దీర్ఘమైన వరుసలతో సాగెను.

1936లో మిషిగన్ రాష్ట్రమందలి గిబ్సన్ సంస్థ ఇ.ఎస్. 150 అను విద్యుద్గిటారును విక్రయమునకు పెట్టెను. గిటారు, ధ్వనివర్ధకము, రెంటిని కలుపు తీగ—అన్నియు చేరి వెల సుమారు 150 డాలర్లు. దాని మర్మము బడిలో చెప్పు భౌతికశాస్త్రమునకు మించినది కాదు. తంత్రుల క్రింద అయస్కాంతములతో కూడిన తీగచుట్ట యుండును. ఉక్కు తంత్రి కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రము మారును. ఆ మార్పు వలన చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే యిది. ఆ విద్యుత్తును ధ్వనివర్ధకము బలపరచి శబ్దముగా వెలువరించును. మన పాలకొల్లున పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ తరువాతి కాలమున కర్ణాటక రాగములను పలికించినదియు ఇట్టి విద్యుద్వాద్యము మీదనే.

ట్రాంబోనును, గిటారును వాయింపగల ఎడ్డీ డరమ్ అను విద్వాంసుడు 1937 ప్రాంతమున ఓక్లహామాకు వచ్చినప్పుడు చార్లీకి విద్యుద్గిటారును పరిచయము చేసెనందురు. కాని స్థానిక మేళములలో చార్లీకి ముట్టుచుండినది రాత్రికి రెండున్నర డాలర్లు. తిండికిని బట్టకును ఒక్క సెంటైనను వెచ్చింపకున్నను, ఆ వాద్యము వెల అరువది రాత్రుల కూలి! అయినను అది ఆతని చేతికి వచ్చెను. నాడు అట్టి గిటారును కొన్నవారు ఇంకను కలరు. అందరును చార్లీలు కాలేదు. ఆ వాద్యము ఆతనికి విద్యనీయలేదు. చుట్టల పెట్టె నాటినుండి ఆతడు కూడబెట్టిన విద్య నలుగురికి వినబడునట్లు చేసినది.

పియానో విదుషీమణి మేరీ లూ విలియమ్స్ ఆతని ప్రతిభను గూర్చి సంగీత పోషకుడు జాన్ హామండ్‌కు చెప్పెను. హామండ్ ఓక్లహామాకు పోయి విని, 1939 ఆగష్టులో ఆతనిని లాస్ ఏంజిలిస్‌కు రప్పించెను. ప్రఖ్యాత మేళనాయకుడు బెన్నీ గుడ్‌మన్ మొదట ఆసక్తి చూపలేదు. ఆ రాత్రి బెవర్లీ హిల్స్‌లోని విక్టర్ హ్యూగో భోజనశాలలో, గుడ్‌మన్ లేని సమయమున, హామండ్ చార్లీని వేదిక మీదికి చేర్చెను. తిరిగివచ్చిన గుడ్‌మన్ ఈ యువకునికి తెలియదని తలచి రోజ్ రూమ్ అను పాటను ఎత్తుకొనెను. చార్లీ దానిని చిన్ననాటినుండి ఎరుగును. ఒక వరుస వెంట మరియొక వరుసను క్రొత్తగా అల్లుచుపోగా, ఆ యొక్క పాటయే నలుబది నిమిషములకు పైగా సాగెను. చార్లీ గుడ్‌మన్ ఆరుగురి బృందమున చేరెను. జీతము వారమునకు 150 డాలర్లు. అరువది రాత్రుల వాద్యము వెల ఒక వారపు జీతమయ్యెను!

గుడ్‌మన్ వద్ద పని ముగిసిన పిమ్మట ఆతడు న్యూయార్క్ నగరపు హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్‌కు పోయి, థెలోనియస్ మంక్, కెన్నీ క్లార్క్ మొదలగు యువకులతో తెల్లవారువరకు వాయించుచుండెను. బీబాప్ అను నూతన మార్గము రూపుదిద్దుకొన్న తావులలో అది ముఖ్యమైనది. కాని ఆతనిని అప్పటికే క్షయ పట్టియుండెను. 1941 జూన్‌లో ఆతనిని స్టాటెన్ ద్వీపమందలి శానటోరియమున చేర్చిరి. గుడ్‌మన్ మేళమున ఆతని ప్రకాశము ఇరువదిరెండు నెలలైనను నిండలేదు. 1942 మార్చి 2వ తేదీన ఆతడు కన్నుమూసెను. క్షయకు పనిచేసిన తొలి మందు స్ట్రెప్టోమైసిన్ ఆ మరుసటి యేటనే కనుగొనబడెను.

బోన్‌హామ్‌లో ఆతని సమాధి చిరకాలము గుర్తు లేకయే యుండెను. 1994లో గాని అచట శిల నిలుపలేదు. కాని నేడు విద్యుద్గిటారుపై ఒంటిగా రాగమల్లు ప్రతివాని వెనుకను ఆతడున్నాడు. మేలైన వాద్యము లేదే యని నిట్టూర్చు విద్యార్థి ఆ 150 డాలర్ల గిటారుతోపాటు, చేతిపనుల తరగతిలోని చుట్టల పెట్టెను కూడ తలచుకొనుట మంచిది.